కుడితి గోలెం ఎండిన తరువాత

ఈ విషయాన్ని ఎందుకు వ్రాసి ఉంచుతున్నానో మొదట చెప్పడం పద్ధతి. మా కాలనీలో ఉదయపు నడకకు వచ్చే నా ఈడువారిలో చాలామంది అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నాయని చెప్పుకుంటారు. "షుగర్ గద, ఉంటది" అని ఒకరినొకరు సమాధానపరచుకొని, చెప్పు జారిపోయినా తెలియని పాదాలతో ఇళ్లకు వెళ్లిపోతారు. మా ఇంట్లోనూ ఒకరు అలాగే సమాధానపడ్డారు. ఆమె నా భార్య. ఆమె చేతులకూ కాళ్లకూ ఏమి జరిగిందో, కారణం తెలిసిన తరువాత మా ఇంట్లో ఏ వాదం నడిచిందో వరుస తప్పకుండా వ్రాస్తే, చదివినవారిలో ఒక్కరైనా కొంత ముందుగా వైద్యుని దగ్గరకు వెళ్లవచ్చు. నేను ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధించి, ప్రధానోపాధ్యాయునిగా విరమించినవాడిని, వైద్యుడిని కాను. చూసినదీ, చదివినదీ, అడిగి తెలుసుకున్నదీ మాత్రమే చెబుతాను.

ముందు బర్రె గురించి చెప్పాలి.

మాది కిష్టారెడ్డిపేట దగ్గర తరతరాలుగా సేద్యం చేసుకున్న కుటుంబం. నేను ఉద్యోగంలో చేరిన తరువాత కూడా పెరట్లో ఒక బర్రె ఎప్పుడూ ఉండేది. దాని పక్కన నడుము ఎత్తు సిమెంటు గోలెం ఉండేది. బియ్యం కడిగిన నీళ్లు, వార్చిన గంజి, తౌడు, కూరగాయల తొక్కలు అన్నీ అందులో చేరేవి. అదే కుడితి. సాయంత్రం బర్రె దానిలో మూతి ముంచిందంటే అడుగు కనిపించేదాకా తల ఎత్తేది కాదు.

నా భార్య బియ్యాన్ని నీళ్లు తేటపడేదాకా రుద్ది కడిగేది. గంజి చివరి చుక్క వరకు వార్చేది. నాకు అది నచ్చేది కాదు. బి అనేది ఒక విటమిన్ కాదు, ఎనిమిది విటమిన్ల కుటుంబమనీ, అవన్నీ నీటిలో కరుగుతాయనీ, బియ్యపు పై పొరలో మిగిలిన కాస్తా ఆమె కడుగుతో, గంజితో కొట్టుకుపోతుందనీ తరగతిలో చెప్పినట్టే చెప్పేవాడిని. ఆమె వార్పు గిన్నె దించకుండానే జవాబిచ్చేది.

"యాడికి పోతయి సారూ? బర్రె తాగుతది. బర్రె పాలిస్తది. మీరు తాగుతరు. పోయిందేమన్న ఉన్నదా ఇండ్ల?"

శాస్త్ర ప్రకారం ఆ లెక్క పూర్తిగా సరికాదు. కాని అందులో ఒక పెద్ద నిజం ఉంది. బి కుటుంబంలో చివరిదైన బి పన్నెండును ఏ మొక్కా తయారు చేయలేదు. ఏ జంతువూ స్వయంగా తయారు చేసుకోలేదు. కంటికి కనిపించని సూక్ష్మజీవులే దాన్ని తయారు చేస్తాయి. నెమరువేసే పశువు పెద్ద పొట్టలో అవి కోట్లకొద్దీ ఉంటాయి. బర్రె తిన్న గడ్డినీ తాగిన కుడితినీ ఆధారం చేసుకొని అవి చేసిపెట్టినది పాలలోకి, మాంసంలోకి వస్తుంది. మనకు అందేది అక్కడి నుంచే. రక్తం పుట్టడానికీ, నరాల పైపొర చెదరకుండా ఉండడానికీ అది కావాలి. కావలసింది చాలా కొద్ది; ఆ కొద్దీ లేకపోతే మాత్రం కుదరదు.

ఊరి చుట్టూ వెంచర్లు వచ్చాయి. మేత భూములలో రాళ్లు పాతి, రంగులు పూసి, తారు రోడ్లు వేశారు. బర్రెను విప్పితే అపార్టుమెంటు గేటు ముందు నిలబడేది. కావలివాడు ఫోను చేసేవాడు. చివరకు సదాశివపేట దాటిన తరువాత ఉన్న మా బంధువుల ఊరికి దాన్ని పంపాము. బండి ఎక్కించేటప్పుడు నా భార్య బయటకు రాలేదు. వంటింట్లో గంజి వారుస్తూ ఉండిపోయింది. ఆ గంజి ఆ సాయంత్రం సింకులో పోయింది.

ప్యాకెట్ పాలు మొదలయ్యాయి. ఆమె ముట్టలేదు. "ఏ బర్రెదో, ఏ ఊరిదో, ఎన్నడు పిండిన్రో తెల్వని పాలు నేను తాగ" అన్నది. ఆ పాలతో తోడుపెట్టిన పెరుగు రబ్బరులా సాగుతుందని అదీ మానింది. పాలు లేని టీకి, చారు అన్నానికి అలవాటు పడింది.

ఇంచుమించు అదే రోజుల్లో తన పుట్టింటి ఊరి భజన బృందంతో కలిసి ఒక గురువుగారి దగ్గర బోధ తీసుకొని, ఆయనకు మాట ఇచ్చి, మెడలో తులసిమాల వేసుకున్నది. మాల వేసుకున్నవారు నీసు ముట్టరు. మాంసం, గుడ్డు అన్నీ వదలాలి. ఆదివారం కూర అంటే అంతగా ఇష్టపడిన మనిషి ఒక్క మాటతో మానేసింది. మా కొరకు వేరే పొయ్యి మీద వేరే గిన్నెలో వండిపెట్టేది. ఉప్పు చూడడానికి మాత్రం నన్ను పిలిచేది.

రెండు తలుపులు అలా ఒకేసారి మూసుకున్నాయి. ఏ హానీ కనిపించలేదు. ఎందుకు కనిపించలేదో తరువాత చదివి తెలుసుకున్నాను. ఈ ఒక్క బి విటమిన్‌ను శరీరం కార్జంలో, అంటే కాలేయంలో, సంవత్సరాలకు సరిపడా దాచుకుంటుంది. అంటే బర్రె వెళ్లిపోయిన తరువాత కూడా ఎన్నో ఏళ్లు ఆ బర్రె పాలే ఆమెను నడిపించాయి. ఇప్పటికీ ఆ వాక్యం దగ్గర పుస్తకం మూసి కాసేపు ఊరకే కూర్చుంటాను.

నిల్వ తరిగిన సంగతి మొదట జొన్న రొట్టె చెప్పింది.

నా భార్య రొట్టెను కర్రతో ఒత్తదు. అరచేత్తో తట్టి, వేళ్ల కొసలతో అంచు తిప్పుతూ పెద్దది చేస్తుంది. పిండి ఎక్కడ పలచబడిందో, ఎక్కడ మందంగా ఉందో కన్ను కాదు, వేలి కొస చెప్పాలి. మా ఇంట్లో సాయంత్రాలు ఆ చప్పుడుతోనే మొదలయ్యేవి. ఒక చలికాలం రొట్టెలు అంచుల దగ్గర పగలడం, పెనం మీదికి వేస్తుండగానే చిరగడం మొదలైంది. పిండి పాతబడితే జొన్న రొట్టె విరుగుతుందని మా వైపు ప్రతి ఇల్లాలికీ తెలుసు. కాబట్టి ఆమె పిండిని తప్పుపట్టింది. తరువాత పిండి పట్టే గిర్నివాడిని తప్పుపట్టింది. నేను జొన్నల సంచి స్కూటరు మీద పెట్టుకొని బీరంగూడలో ఒక గిర్నికి, తరువాత పటాన్‌చెరులో మరొక గిర్నికి తిరిగాను. ప్రతి గిర్నిలోనూ పిండిని వేళ్ల మధ్య నలిపి చూశాను. నా వేళ్లకు బాగానే ఉన్నట్టు తోచింది.

ఆ తరువాత నాలుక ఎర్రబడి నున్నగా అయి, కారం తాకితే మండేది. వేడి పెనానికి వేలు అంటుకున్నా వెంటనే తెలిసేది కాదు. స్నానాల గదిలో ముఖం మీద నీళ్లు పోసుకొని కళ్లు మూసుకుంటే తూలుతున్నానని అనేది. చెప్పు ఒకటి వీధిలో వదిలి మరొకదానితోనే ఇంట్లోకి వచ్చింది. ఆమెకు చక్కెర వ్యాధి ఉన్నందువల్ల అందరమూ దానినే అనుకున్నాము. ఏళ్లుగా ఆ మాత్రలూ, కడుపులో మంటకు మరొక మాత్రా వేసుకుంటున్నది. ఈ రెండు రకాల మందులూ దీర్ఘకాలం వాడితే బి పన్నెండు ఒంటికి పట్టడం తగ్గవచ్చునని మాకు తెలియదు.

రొట్టెలు చేయడం ఆమె మానేసింది. మానేశానని చెప్పలేదు, అన్నమే తేలిక అన్నది. సాయంత్రాలు చప్పుడు లేకుండా పోయాయి.

ఎండిపోయిన గోలెం పక్కన బట్టలు ఆరవేస్తూ ఆమె పడిపోయిన రోజున సంగారెడ్డిలో ఒక వైద్యురాలి దగ్గరకు తీసుకువెళ్లాము. ఆమె మా అబ్బాయి కంటే చిన్నది. పద్ధతి తెలిసిన మనిషి. ముందు మాత్రల చీటీ అడగలేదు; పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా ఏమి తింటారో వరుసగా చెప్పమన్నది. పాలు, పెరుగు, గుడ్డు, మాంసం ఒక్కొక్కటే అడిగింది. ప్రతిదానికీ నా భార్య తల అడ్డంగా ఊపింది. తరువాత శ్రుతిదండాన్ని తట్టి ఆమె చీలమండ ఎముక మీద ఆనించింది. భౌతికశాస్త్రం ఉపాధ్యాయుడు మా పాఠశాలలో ధ్వని పాఠానికి వాడిన పరికరమే.

"ఏమన్న తెలుస్తున్నదా అమ్మా?"

"ఏం తెలుస్తదమ్మా, ఇనుము జెర సల్లగున్నది."

మోకాలి దగ్గర ఏదో ఉన్నట్టున్నదని అన్నది. మెడ కింది ఎముక మీద పెట్టగానే చిన్నపిల్లలా నవ్వింది.

"గిక్కడ గుయ్యిమంటున్నది!"

నేను నవ్వలేకపోయాను. మెడ దగ్గర మోగుతున్నది పాదం దగ్గర మోగడం లేదంటే ఏమిటో నాకు అర్థమైంది.

రక్తపరీక్షలో విటమిన్ బాగా తక్కువగా ఉన్నట్టు తేలింది. కొంత చక్కెర వల్ల కూడా అయి ఉండవచ్చునని వైద్యురాలు దాచకుండా చెప్పింది. సూదిమందు మొదట దగ్గర దగ్గరగా, తరువాత దూరదూరంగా వేయాలన్నది. పూర్తిగా దెబ్బతిన్న నరం తిరిగి రాదనీ, కొన ఊపిరితో ఉన్నవి కోలుకుంటాయనీ, ఏది ఎంతో ఇప్పుడే చెప్పలేమనీ అన్నది. "ఆలస్యం చెయ్యొద్దు సార్, మధ్యల ఆపొద్దు" అని నాతో రెండోసారి చెప్పింది. మొదటి సూది ఆ రోజే పడింది. మందు ఎర్రగా, దానిమ్మ రసంలా ఉంది.

ఆ వారమే పోతిరెడ్డిపల్లిలో ఉండే మా చెల్లెలు వదినను చూడడానికి వచ్చింది. సూది రంగు గురించి మాట వచ్చింది. చెల్లెలికి చెడు తలంపు లేదు. తన అత్తకు ఒకప్పుడు రక్తం లేదని అలాంటి సూదులే వేయించారనీ, అవి కార్జం నుంచి తీసినవేననీ చెప్పింది.

"ఎర్రగున్నదంటె గదే వదినె. పశువుల కార్జంల నుంచి తీస్తరంట."

నా భార్య చేయి మాల మీదికి వెళ్లింది. తరువాతి సూది రోజున చీర మార్చుకోలేదు, రానన్నది.

నేను బతిమాలాను. కాస్త కోప్పడ్డాను కూడా. కాళ్లు పూర్తిగా పడిపోతాయని చెప్పాను. ఆమె గోడకు ఆనుకొని, మొద్దుబారిన వేళ్లను ఒకదానితో ఒకటి రుద్దుకుంటూ మెల్లగా జవాబిచ్చింది.

"కాళ్లు పోతె కూసుంట. మాట పోతె యాడ కూసోవాలె?"

మా అబ్బాయి ఒక పంపుల కర్మాగారంలో పనిచేస్తాడు. షిఫ్టు బస్సుకు బయలుదేరుతూ, ఆ మందును చెట్లతో చేస్తారని తల్లికి గట్టిగా చెప్పి చూశాడు.

"మొన్న కేకుల గుడ గుడ్డు లేదన్నవు బిడ్డా" అన్నది ఆమె. వాడికి నవ్వు వచ్చింది. వాదించే అర్హత పోయింది. ఇంట్లో ఎవరి పుట్టినరోజుకో తెచ్చిన కేకు సంగతి అది. గుడ్డు ఉన్నదని తరువాత తెలిసి ఆమె ఆ పూటంతా ఉపవాసం ఉన్నది. మాట తప్పింది తాను కాదు కాబట్టి గురువుగారు క్షమిస్తారని తనకు తానే చెప్పుకున్నది.

వాడు గేటు దగ్గర నన్ను ఆపాడు. "నాయిన, నువ్వు చెప్తె ఇంటది. చెట్లతోని అని ఒక్క మాట అనరాదా, అయిపోతది."

నిజమే. నేను చెబితే వినేది. వినడానికి సిద్ధంగానే ఉన్నది. లోపలికి రాగానే తానే అడిగింది: "మీరు చెప్పున్రి. మీరు ఏం చెప్తె గదే."

పెళ్లయిన నాటి నుంచి ఆమెకు తెలియని ప్రతి విషయాన్నీ నన్నే అడిగింది. గ్రహణం నాడు నీళ్లు తాగవచ్చునా అన్నది మొదలుకొని, బ్యాంకు కాగితం మీద ఎక్కడ సంతకం పెట్టాలన్నది దాకా నేను చెప్పినదే ఆమెకు ప్రమాణం. ఒక్క అబద్ధంతో ఆమె కాళ్లు నిలబడతాయేమో. కాని ఆ అబద్ధం తరువాత ఆమె నన్ను అడిగే ప్రతి ప్రశ్నా ఖాళీ గోలెంలో పడినట్టే. పైగా చెల్లెలి మాట పూర్తిగా తప్పని కూడా నేను అనలేను. పూర్వం కార్జపు సారం సూదిగా ఇచ్చిన మాట వాస్తవమని చదివాను. నాకు నిశ్చయంగా తెలియదు, తెలుసుకొని చెబుతానని అన్నాను. ఆమె సరేనన్నది. రోజు గడుస్తున్నకొద్దీ నరాలకు ఎంత నష్టమో తెలిసినవాడిని నేనే కాబట్టి, ఆ మాట చెప్పడం నాకు తేలిక కాలేదు.

నా దగ్గర చదువుకున్న ఒకతను పటాన్‌చెరు పారిశ్రామికవాడలో మందుల కర్మాగారంలో రసాయన నిపుణుడిగా ఉన్నాడు. మరునాడు ఉదయం షిఫ్టు దిగే వేళకు రోడ్డు పక్కన చాయ్ హోటల్ దగ్గర కలిశాను. అతనికి తల నెరిసింది. అయినా కూర్చోమని చెప్పేదాకా కూర్చోలేదు. వచ్చిన పని చెప్పాను.

కార్జం కాలం ఎప్పుడో పోయిందని అతను అన్నాడు. ఇప్పుడు పెద్ద పెద్ద ఉక్కు ట్యాంకులలో సూక్ష్మజీవులను పెంచుతారు. అవి చేసిన విటమిన్‌ను వేరు చేసి శుద్ధి చేస్తారు. దాని సహజమైన రంగే ఎరుపు. తమ దగ్గర చేసేది మరొక మందు గాని పద్ధతి ఇదేనన్నాడు. ఆ జీవులకు మేత ఏమిటని అడిగాను.

"బెల్లం మడ్డి ఉంటది సార్, మొక్కజొన్న నానవెట్టిన నీళ్లుంటయి. నేను సూసినకాడ మాంసం లేదు. గని ఒక్కొక్క కంపెనీది ఒక్కొక్క తీరు. సూడనిదాని మీద ఒట్టు పెట్టలేను సార్."

ఆ చివరి మాట విని నాకు సంతోషం కలిగింది. నా తరగతిలో కూర్చున్నవాడు అలాగే చెప్పాలి.

ఇంటికి వచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. చూడనిదాని మీద ఒట్టు పెట్టలేనన్న మాట కూడా వదలలేదు. ఆమె కళ్లు మూసుకొని విన్నది.

"మడ్డి, మక్కల నీళ్లు" అన్నది. "అంటె కుడితే గద."

"కుడితే."

"గా ట్యాంకు గోలెం లెక్కనా?"

"గోలెం లాంటిదే. బర్రె మాత్రం లేదు. బర్రె పొట్టలో ఉండే జీవుల్లాంటివి ఉంటాయి."

"పాణం ఉంటదా గవిటికి?"

ఇక్కడ ఆగిపోవచ్చునని నాకు తోచింది. ఆగలేదు. ఉంటుందన్నాను. చివరకు చస్తాయా అని అడిగింది. చస్తాయన్నాను. వీధిలో కూరగాయల బండి మైకు ఒక చివరి నుంచి మరొక చివరికి వెళ్లేదాకా ఆమె మాల పూసలను ఒక్కొక్కటే జరిపింది.

"పెరుగుల ఉంటయంటిరి గద ఒకపారి. గవేనా?"

"అవే కావు, అలాంటివి. పెరుగు తోడుకునేది వాటివల్లనే."

"మజ్జిగ చారు కాస్తె సస్తయా?"

"చస్తాయి."

ఆమె కళ్లు తెరిచింది. "మా గురువుగారు మజ్జిగ చారంటె పాణం ఇడుస్తడు. మూడు గిన్నెలు తాగుతడు." గోడ పట్టుకొని లేచి, "బండి తియ్యున్రి. దవఖాన మూస్తరు" అన్నది.

శాస్త్రమూ నేనూ కలిసి చేయలేని పనిని మజ్జిగ చారు చేసింది. చీర మార్చుకునేటప్పుడు కుచ్చిళ్లు వేళ్లకు అందలేదు. నేను పట్టుకున్నాను. మా వయసులో అది మాట్లాడుకునే విషయం కాదు.

సూదులతో పాటు పాలు, పెరుగు కూడా మొదలుపెట్టమని వైద్యురాలు చెప్పింది. ఆమె తన షరతు చెప్పింది: మీ కళ్లముందు పిండినవైతే తాగుతాను. రెండు వెంచర్ల మధ్య అమ్ముడుపోని ముక్కలో ఒకాయన ఇంకా బర్రెలు కట్టేస్తున్నాడని విచారించి తెలుసుకున్నాను. ప్రతి ఉదయం స్టీలు క్యాను పట్టుకొని అక్కడ నిలబడతాను. కొన్ని వారాల తరువాత ఆమె క్యాను పక్కన మూతపెట్టిన ఒక బకెట్టు కూడా ఉంచడం మొదలుపెట్టింది. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, తొక్కలు. ఒక మాజీ ప్రధానోపాధ్యాయుడు స్కూటరు ముందు కుడితి బకెట్టు పెట్టుకొని, గతుకుల దగ్గర వేగం తగ్గిస్తూ వెళ్లడం చూసి నడక మిత్రులు మొదట నవ్వారు. ఇప్పుడు ఇద్దరు తమ ఇంటి గంజి కూడా నాకే ఇస్తున్నారు.

బాగుపడడం మంటతో మొదలైంది. మొద్దుబారినచోట సూదులు గుచ్చినట్టు ఉన్నదని ఆమె బాధపడితే, అది నరం మేల్కొంటున్న గుర్తు కావచ్చునని వైద్యురాలు అన్నది. నాలుక మండడం తగ్గింది. చేతులు ముందు తేరుకున్నాయి. ఎడమ పాదం మాత్రం ఇప్పటికీ తేరుకోలేదు. చీకట్లో గోడ పట్టుకొనే నడుస్తుంది. చక్కెర మాత్రలు ఆపరాదు కాబట్టి, పాలు తాగుతున్నా సూది అప్పుడప్పుడు పడుతూనే ఉండాలి. అంతా నయమైందని వ్రాయడం సరికాదు.

ఒక సాయంత్రం వరండాలో పత్రిక చదువుతుండగా వంటింట్లో చప్పుడు వినిపించింది. తట్టడం, ఆగడం, మళ్లీ తట్టడం. నేను లేవలేదు, లేస్తే ఆగిపోతుందేమోనని భయం. కొంతసేపటికి ఆమె గోడ పట్టుకుంటూ వచ్చి పళ్లెం నా ముందు పెట్టింది. రొట్టె మునుపటికంటే చిన్నది, మందంగా ఉంది, ఒకవైపు అంచు పగిలింది.

"గిర్ని మార్చిన్రా ఏంది?" అన్నది.

మార్చలేదన్నాను. ఆమె ఆ పగిలిన అంచును వేలి కొసతో తడిమి, తెలుస్తున్నదన్నట్టు తల ఊపింది.

ఇందులో విటమిన్ల గురించి గాని, నరాల గురించి గాని నేను వ్రాసినదాంట్లో పొరపాట్లు ఉంటే తెలిసినవారు నిస్సంకోచంగా దిద్దండి. దిద్దించుకోవడానికి నేను సిగ్గుపడను. ముఖ్యంగా ఆ ట్యాంకుల గురించి, వాటిలో పోసే మేత గురించి నేను చెప్పినదానిలో తప్పు కనిపిస్తే ఆలస్యం చేయకండి. ఒక మనిషి తన మాటను నా మాట మీద నిలబెట్టుకున్నది. తప్పైతే ఆమెకు చెప్పవలసినవాడిని నేనే.